తిరుమలసామి సారు ఐదు నిమిషాలు

మొన్న విరుదునగరులో పంటి డాక్టరు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉన్నాను. డ్యూటీకి వచ్చిన నర్సమ్మాయి గోడకున్న చిన్న నల్లపెట్టె మీద హాజరు కోసం వేలు పెట్టింది. పెట్టె ఆడగొంతుతో "థాంక్యూ" అంది. అంతే, పంటి నొప్పి కాసేపు ఎటో పోయి నా వీపు నిటారుగా నిలబడింది. ఆ గొంతును ఎక్కడ విన్నా గుర్తుపడతాను. వేళకు వచ్చినవాళ్ళకూ, ఆలస్యంగా వచ్చినవాళ్ళకూ, రేపటి నుంచి ఉద్యోగం ఉండనివాళ్ళకూ అది ఒకే తియ్యదనంతో థాంక్యూ చెబుతుంది. పదకొండేళ్ళ క్రితం కోవిల్‌పట్టిలో అది నాకు రెండుసార్లు థాంక్యూ చెప్పి, రెండుసార్లూ నా పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టించింది. ఆ కోపం నాకింకా తీరలేదు. కానీ కోపంతో పాటు ఒక మనిషి కూడా గుర్తుకొస్తారు. చంకలో పాత ల్యాప్‌టాపు, చొక్కా జేబులో మడిచిన చీటీలు, ముళ్ళు మణికట్టు లోపలి వైపుకు వచ్చేలా తిప్పి కట్టుకున్న చేతిగడియారం. తిరుమలసామి సారు. మీలో ఎవరూ ఆయన్ను చూసి ఉండరు. చూసినా పక్క సీటులో కూర్చున్న రైలు ప్రయాణికుడు అనుకుని వదిలేసి ఉంటారు.

మాది ఎట్టయాపురం దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అమ్మా నాన్నా మిరపచేలలో కూలికి పోయేవాళ్ళు. తెలుగు చదవడం, రాయడం నేను పెద్దయ్యాక నేర్చుకున్నాను. అది కూడా రైల్లో కలిసిన ఒకావిడ నా మాట విని "ఇదీ తెలుగేనా?" అని నవ్వినందుకు. ఆవిడ కట్టుకున్న చీర రంగు కూడా నాకు గుర్తుంది. డిప్లొమా అయ్యాక కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కంప్యూటరు గదికి తీసుకున్నారు. ఆరు నెలలు చూసి, నచ్చితే పర్మనెంటు. ఆ ఆరు నెలల్లో హాజరు పట్టీలో మూడు ఎర్ర గుర్తులు పడితే ఇంటికి పంపిస్తారు. మా వంశంలో ఫ్యాను కింద కూర్చుని పనిచేసిన మొదటి మనిషిని నేనే. అందుకని ఆ మూడు గుర్తుల సంగతి నాకు దేవుడి పేరు కన్నా ఎక్కువ గుర్తుండేది.

నాలుగో నెలలో రెండో గుర్తు పడింది. పని తొమ్మిదింటికి మొదలు. నా సెల్‌ఫోనులో ఎనిమిది యాభై ఏడు. వేలు పెట్టాను, థాంక్యూ అంది. సాయంత్రం పట్టీలో చూస్తే తొమ్మిదీ రెండు, పక్కన ఎరుపు. వెళ్ళి టైమ్ ఆఫీసు మేనేజరును అడిగాను. ఆయన అగ్గిపెట్టెలు సర్దే ఆడవాళ్ళందరూ వరసగా బయటికి పోయే దారిలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. తమిళంలో, అందరికీ వినబడేట్టు అన్నారు: "ఏమ్మా, కంప్యూటరు చదివావు కదా, గడియారం చూడటం మాత్రం వాళ్ళు నేర్పలేదా?"

వరసలో వాళ్ళు నవ్వారు. పదిహేడు మంది. మా బస్సులోనే వచ్చే ఎస్తరక్క కూడా నవ్వింది. తరవాత బస్సులో నా పక్కన కూర్చుని సర్దిచెప్పింది. "కోపం ఏంటికే? నాకు పడలేదా గుర్తులు? మిషను పొరబాటు చేస్తాదా? మనమే బిరబిరా నడవాల." అక్కకు మోకాళ్ళ నొప్పి. బస్టాండు నుంచి ఫ్యాక్టరీ దాకా ఒక చేత్తో టిఫిను డబ్బా, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని రోజూ పరుగెత్తేది. అంతమంది పరుగెత్తుతుంటే తప్పు తమ కాళ్ళదే అనుకున్నారు గానీ గోడకున్న పెట్టెను ఒక్కరూ అడగలేదు. నేను అడిగాను. మేనేజరు తలమీదుగా విరుదునగరు హెడ్డాఫీసుకు రెండు పేజీల ఫిర్యాదు రాసి పంపించాను. ఫోను టైము, బస్సు టైము, మేనేజరు అన్న మాట, నవ్వినవాళ్ళ సంఖ్య, అన్నీ రాశాను. పంపాక భయం వేసింది. మూడో గుర్తు మిషను పెట్టకపోయినా మేనేజరే పెడతాడని అందరూ అన్నారు.

నాలుగో రోజు పొద్దున తిరుమలసామి సారు వచ్చారు. హెడ్డాఫీసులో సర్వరు ఆయన చేతిలో ఉండేది. మా ఫ్యాక్టరీలో వేలిముద్ర పెట్టెలన్నీ టైము ఎంతో ఆ సర్వరునే అడిగి దిద్దుకుంటాయి. అలా మిగతా మెషిన్లన్నిటికీ వేళ చెప్పే దాన్ని టైమ్ సర్వరు అంటారని ఆ రోజే తెలుసుకున్నాను. ఆయన నా ఫిర్యాదును జేబులోంచి తీసి, టేబులు మీద పరిచి, తమిళంలో మొదలుపెట్టారు. నేను ఫోనులో అమ్మతో మాట్లాడిన ఒక్క ముక్క విని తెలుగులోకి మారిపోయారు.

"మీది ఏ ఊరమ్మా?"

చెప్పాను. తరవాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మా వైపు తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే ఊరు అడిగాక, ఊళ్ళో ఏ వీధి అని అడుగుతారు. దాంతో మనిషి ఎవరో తేలిపోతుంది, ఆ తరవాత గొంతు మారుతుంది. నేను మొహం గట్టిగా పెట్టుకుని ఎదురుచూశాను. ఆయన "అట్లనా, అక్కడ ఉప్పునీళ్ళు కదా" అని ల్యాప్‌టాపు తెరిచారు. తరవాతి ప్రశ్న ఆ రోజే కాదు, తెలిసిన తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. అడగని ప్రశ్నలను కూడా నేను గుర్తుపెట్టుకుంటాను.

అయితే వెంటనే ఒక తప్పు చేశారు. "మొదుట నీ ఫోను చూపీ" అన్నారు.

"నన్ను అనుమానిస్తా ఉండారా సార్?"

"ఆమా. నిన్ను, పెట్టెను, మేనేజరును, ఈ ల్యాప్‌టాపును. అందరినీ."

ఆమా అంటే మా వైపు అవునని. నాకు మండింది. ఫిర్యాదు చేసింది నేను, ముందు పరీక్ష నాకా? ఫోను టేబులు మీద కొంచెం గట్టిగానే పెట్టాను. ఆయన పట్టించుకోలేదు. తన సెల్‌ఫోనుతో ల్యాప్‌టాపును బయటి నెట్టుకు కలిపి, బొమ్మలేవీ లేని నల్లటి తెర ఒకటి తెరిచారు. అందులో ఒక్క మాట కొట్టారు: మణి. మా వైపు తెలుగులో కూడా టైము ఎంత అని అడగాలంటే మణి ఎంత అనే అంటాం. అది ఆయన సొంతంగా రాసుకున్న చిన్న ప్రోగ్రాము. మణి అని కొట్టి, పక్కన ఏదైనా టైమ్ సర్వరు పేరు కొడితే, అది వెళ్ళి ఆ సర్వరును వేళ అడిగి, మన మెషినుకూ దానికీ ఎంత తేడా ఉందో ఒక్క వరసలో చెబుతుంది. అంతకు మించి ఏమీ చేయదు. రంగులు లేవు, కిటికీలు లేవు. నొక్కితే చటుక్కున ఒక వరస, మళ్ళీ మెరిసే చిన్న గీత.

బయటి సర్వరు ఒకదాన్ని అడిగారు. సెకనులో నూరో వంతు తేడా. "సరి కదా సార్, ఇంకేం?" అన్నాను. ఆయన రెండోదాన్ని అడిగారు, మూడోదాన్ని అడిగారు. "ఒకరు చెప్తే నమ్మాల్సి వస్తాది. ఇద్దరు వేరేవేరేగా చెప్తే ఎవరు అబద్దమో తెలీదు. ముగ్గురుంటే తప్పిపోయినోడు వాడే బయటపడతాడు." మూడూ ఒకే మాట చెప్పాయి. నా ఫోను కూడా వాటితో సరిపోయింది. ఆయన నా ఫోను తిరిగి ఇస్తూ "నీది సరి" అన్నారు, ఏదో బరువు చూసి చెప్పినట్టు. అప్పుడు ఫ్యాక్టరీ వైరు తగిలించి, మణి అని కొట్టి, విరుదునగరులో ఉన్న తన సర్వరు పేరు కొట్టారు.

మూడు వందల నాలుగు సెకన్లు ముందు.

ఇంకోసారి కొట్టారు. మూడు వందల నాలుగు. నాకు లేచి కేక పెట్టాలనిపించింది. ఆయన నెమ్మదిగా చెయ్యి తిప్పి మణికట్టు లోపలి గడియారం చూశారు. తరవాత నా ఫోను చూశారు. మళ్ళీ గడియారం. ఆయన మొహంలో అప్పుడు కనిపించింది సిగ్గు. అంత వయసు మనిషి మొహంలో, అదీ నా ఎదుట, నేను దాన్ని ముందెప్పుడూ చూడలేదు.

సంగతి ఏమిటంటే, ఆయన ఇల్లు కోవిల్‌పట్టిలో, పని విరుదునగరులో. ముప్పై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే ప్యాసింజరు బండి. బండి తప్పిపోతుందన్న భయంతో ముప్పై ఏళ్ళుగా చేతిగడియారం ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకుని తిరుగుతున్నారు. మా వైపు ఇది కొత్త కాదు. ప్రతి ఇంట్లో గోడగడియారం ముందే నడుస్తుంది. ఇంట్లోవాళ్ళు మనసులోనే తీసివేసుకుంటారు, ఇంటికి వచ్చినవాళ్ళు కంగారుపడతారు. ఐదు నెలల క్రితం ఒక వానలో పిడుగు పడి హెడ్డాఫీసులో నెట్టు పెట్టె కాలిపోయింది, సర్వరు లోపలి బ్యాటరీ చచ్చింది. లేచినప్పుడు అది ఏదో పాత సంవత్సరం చూపించింది. కొత్త పెట్టె వచ్చేదాకా అని సారు చేతిగడియారం చూసి చేత్తోనే టైము పెట్టారు. పని తొందరలో, మనసులో తీసివేసే ఆ ఐదు నిమిషాలు తీసివేయలేదు. కొత్త పెట్టె వచ్చింది గానీ అది టైము ప్రశ్నలను బయటికి పోనివ్వలేదు. ఇదివరకటిలా బయటి సర్వర్లను వేళ అడిగి దిద్దుకోలేక సర్వరు అలాగే ఉండిపోయింది. ఆయన రోజూ సర్వరు చూసి, తన చేతిగడియారం చూసుకునేవారు. రెండూ సరిగ్గా కలిసేవి. ఇంకేం అనుమానం వస్తుంది? అలా ఒక మనిషి రైలు భయం మూడు వందల మంది ఆడవాళ్ళ కాళ్ళలోకి వచ్చింది.

సాయంత్రం ఐదు నిమిషాలు ముందే వదిలి ఉంటారు కదా అని మీరు అడగవచ్చు. వదలలేదు. చేతిలో ఉన్న పెట్టెలు అయ్యేదాకా వదిలే అలవాటు ఆ ఫ్యాక్టరీకి లేదు.

మేనేజరు గదిలో జరిగింది నేను తలుపు పక్కనే నిలబడి విన్నాను. దాచను, వినాలనే నిలబడ్డాను. మేనేజరు గొంతు తగ్గించి అన్నారు. "సార్, పిడుగు అని రాసేద్దాం. పిడుగును ఎవరూ ఏమీ అడగరు. మీకు ఇంకా ఎనిమిది నెలల సర్వీసు ఉంది. ఆ తరవాత రెండేళ్ళు పొడిగింపు ఇస్తామంటున్నారు. ఒక ప్రొబేషన్ పిల్ల కోసం మీ పేరు ఎందుకు?"

"పిడుగు పడింది ఒక్కరోజు" అన్నారు సారు. "మిగతా నూట నలభై రోజులు నేనే."

మర్నాడు ఆయన మళ్ళీ వచ్చారు. హెడ్డాఫీసుకు రాసిన కాగితం నకలు తెచ్చి, పెట్టెలు సర్దే హాలులో నిలబడి చదివారు. మందూ మైనమూ కలిసిన వాసన, అట్టల చప్పుడు. ఆయన గొంతు చిన్నది, చప్పుడు ఆపించి చదివారు. "నా చేతిగడియారం ముందు నడుస్తోందని మరచి సర్వరుకు తప్పు టైము పెట్టాను. ఈ ఐదు నెలల్లో ఐదు నిమిషాల లోపు ఆలస్యానికి పడిన గుర్తులన్నీ కొట్టివేయాలి. తప్పు నాది." కింద తన పేరు, హోదా కూడా చదివారు. హాలులో ఎవరూ నవ్వలేదు. ఎస్తరక్క ముందుకు వచ్చి అడిగింది.

"అట్లయితే సార్, మేమంతా సరిగ్గానే వస్తా ఉంటిమా?"

"సరిగ్గానే వస్తా ఉంటిరి అక్కా."

అక్క "నేను పరుగెత్తితినే సార్" అంది. ఆయన చేతులు జోడించి నిలబడ్డారు. నేను మేనేజరు వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నా గుర్తులు పోయాయి, ఉద్యోగం పర్మనెంటు అయింది, కానీ ఆ గడియారం మాటకు ఆయన నాకు క్షమాపణ చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, ఇంతవరకూ చెప్పలేదు.

తరవాత నెల సారు నన్ను పని నేర్పడానికి విరుదునగరుకు పిలిపించారు. నేను కూడా ప్యాసింజరు బండి మనిషినయ్యాను. మొదటి పదిరోజులు "మొదుట నీ ఫోను చూపీ" అన్నందుకు ఆయనతో ముక్తసరిగానే ఉన్నాను. ఆయనకు తెలిసిపోయింది. సాత్తూరు దాటాక కారాసేవు పొట్లం విప్పుతూ అడిగారు. "నీకు కోపం ఉండేవాళ్ళ లిస్టులో నాది ఎన్నో నంబరు?"

"నాలుగు సార్."

"పరవాలేదు. మేనేజరు?"

"ఒకటి."

"రైల్లో నవ్వినావిడ?"

"ఆమె రెండు." ఆవిడ సంగతి ఏదో మాటల్లో నేనే చెప్పి ఉన్నాను.

"అయితే మూడు ఎవరు?" అని ఆయన నిజంగానే కుతూహలంతో అడిగారు. చెప్పలేదు. మూడు ఎస్తరక్క, నవ్వినందుకు. ఆయన పొట్లం నా వైపు జరిపారు. తిన్నాను. ఆ రోజుతో ఆయన్ను లిస్టులోంచి తీసేశాను, ఆయనకు చెప్పకుండానే.

ఆయన పాఠం చెప్పే తీరు రైలు పెట్టెలాగే ఉండేది, అన్నీ ఊళ్ళూ బళ్ళూ. మణి లోపల ఏం జరుగుతుందో అడిగితే ఇలా చెప్పారు. "నువ్వు విరుదునగరులో ఉండావు, నేను కోవిల్‌పట్టిలో. మణి ఎంతని చీటీ రాసి, పంపిన వేళ వేసి, బస్సు కండక్టరుకు ఇస్తావు. నాకు అందిన వేళ నేను రాస్తాను, తిరిగి పంపిన వేళ రాస్తాను. నీకు అందిన వేళ నువ్వు రాస్తావు. దారిలో పోయింది మొత్తం ఎంతో తెలుస్తాది కదా, దాన్ని సగం చేస్తే ఒక దారి. అది తీసేస్తే నీ గడియారానికీ నా గడియారానికీ తేడా."

"పోయే బస్సు సాత్తూరులో టీకి ఆగి, వచ్చే బస్సు ఆగకపోతే?" అన్నాను. ఎదుటివాళ్ళ లెక్కలో లోపం పట్టడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

ఆయన మొహం వెలిగిపోయింది. "అదే. అప్పుడు లెక్క తప్పుతాది. పోయే దారీ వచ్చే దారీ సమానమని నమ్మి చేసే లెక్క ఇది. అందుకే తక్కువ సేపట్లో తిరిగొచ్చిన జవాబునే ఎక్కువ నమ్మాల." తరవాత అటు తిరిగి, తనలో తాను అనుకున్నట్టు, "ఇది అడగడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది" అన్నారు. నన్ను అంతకు ముందు ఎవరూ అలా పొగడలేదు. దాన్ని కూడా తారీఖు వేసి రాసుకున్నాను.

ఎనిమిది నెలలూ అయ్యాయి. పొడిగింపు రాలేదు. నాకు రక్తం ఉడికింది. నిజం రాసినందుకే ఇవ్వలేదని నాకు ఏ సందేహమూ లేదు. రెండు రోజులు కూర్చుని మూడు పేజీల ఫిర్యాదు రాశాను. నేను రాసిన అన్ని ఫిర్యాదుల్లోనూ అదే బాగా వచ్చింది. పంపేముందు, సర్వరును ఆయన నాకు అప్పగించే రోజున, ఆయన ముందు పెట్టాను. ఆయన చదవలేదు. "మొదుట పని" అన్నారు. "సర్వరు ఎట్ల ఉండాది, చూడు."

మణి అని కొట్టి, పేరు కొట్టాను. తేడా సున్నా. ఇన్ని నెలల్లో సున్నా ఎప్పుడూ రాలేదు, ఎంతో కొంత తేడా ఉండేది. "సున్నా సార్!" అని గర్వంగా ఆయన వైపు తిరిగాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి తెర మీదికి వంగారు.

"పేరు చూడు. ఎవర్ని అడిగినావు?"

చూశాను. సర్వరు తెర ముందు కూర్చుని, ఆ సర్వరు పేరే కొట్టాను. అది తన వేళ తననే అడిగి, ఏ తేడా లేదని చెప్పుకుంది.

"తన్ను తాను అడిగితే ఎప్పుడూ సున్నాయే" అన్నారు. "నేను ఐదు నెలలు చేసింది అదే." అప్పుడు నా మూడు పేజీలు చేతిలోకి తీసుకున్నారు. "ఇది రాసే ముందు ఎవర్ని అడిగినావు?"

"అడిగేదానికి ఏముంది సార్? తెలుస్తానే ఉండాది కదా."

ఆయన కాగితాలు నాకు తిరిగి ఇచ్చి టీకి వెళ్ళిపోయారు. నేను పంతం కొద్దీ వెళ్ళి అడిగాను. ముందు ఎస్టాబ్లిష్‌మెంటు గుమాస్తాను. పొడిగింపు ఉత్తర్వు వచ్చిందనీ, సారే వద్దని రాసిచ్చారనీ చెప్పాడు. నమ్మలేదు. అక్కౌంటెంటమ్మను అడిగాను, అదే మాట. మూడోవాళ్ళు కావాలి. సంతకాల పని మీద ఆ రోజు మా మేనేజరు హెడ్డాఫీసుకు వచ్చి ఉన్నారు. నాతో ఆయన మాట్లాడక ఎనిమిది నెలలయింది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "వద్దనే రాశారు. నేనే రెండుసార్లు చెప్పి చూశాను, వినలేదు" అన్నారు ఆయన, ఫైలు మీద నుంచి తల ఎత్తకుండా. ముగ్గురూ ఒకే మాట చెప్పారు.

సాయంత్రం బండిలో ఆయన్నే అడిగాను. "ఏంటికి సార్ వద్దన్నారు?"

"ముప్పై ఏళ్ళు పరుగెత్తినాను. ఇంక ఒక్క పొద్దన్నా బండి కూత ఇంట్లో కూర్చుని వినాలని." నవ్వారు. అది నిజమో, నేను మళ్ళీ ఎవరితో పోట్లాటకు దిగకుండా చెప్పిన మాటో నాకు తెలియదు. అడగడానికి ఇప్పుడు ఆయన లేరు. రెండేళ్ళ క్రితం వర్షాకాలంలో, కోవిల్‌పట్టిలో తన ఇంట్లోనే పోయారు. నేను వెళ్ళేసరికి ఎస్తరక్క అప్పటికే వచ్చి వాకిట్లో కూర్చుని ఉంది.

ఆ మూడు పేజీలు పంపలేదు. ఫిర్యాదులు మాత్రం మానలేదు, మానను కూడా. బస్సు డిపోకు, కరెంటు ఆఫీసుకు, మా హెడ్డాఫీసుకు ఇప్పటికీ రాస్తూనే ఉంటాను. అయితే పంపేముందు ముగ్గురిని అడుగుతాను. ముగ్గురూ నా మనుషులే అయితే అది సున్నా కిందే లెక్క. అందుకని ఒక్కరైనా నాకు పడనివాళ్ళు ఉండాలని నియమం పెట్టుకున్నాను. మేనేజరు ఇప్పుడు బదిలీ మీద విరుదునగరు ఆఫీసులోనే కూర్చుంటారు. ఏడాదికి నాలుగైదుసార్లు నేను కాగితం పట్టుకుని ఆయన టేబులు దగ్గరికి వెళతాను. "ఇందులో తప్పేముందో చెప్పండి" అంటాను. ఆయన ఆనందంగా చెబుతారు, ఒక్కటీ వదలరు. సగం సార్లు ఆయన చెప్పింది నిజమే అవుతుంది. ఆ భాగం కొట్టేసి, మిగిలింది పంపిస్తాను. ఆయన నాకు క్షమాపణ చెప్పలేదు, నేను మరచిపోలేదు. లిస్టులో ఆయన నంబరు మారలేదు. మా ఆఫీసులో నేను ఎక్కువగా అడిగేది ఆయన్నే.